తప్పంతా క్లచ్‌దే!

కొత్త కారు కొన్నవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది!

నవ్వకండి. నిజంగానే చెబుతున్నాను. తాళం తిప్పగానే స్టార్టయ్యే కారులో ఏముంది? ఎటు తిప్పితే అటు తిరిగే స్టీరింగులో ఏముంది? అది కారా, లిఫ్టా? ఎక్కారు, కూర్చున్నారు, దిగారు. చేరతామా లేదా అన్న ఉత్కంఠ లేదు. చేరాక 'హమ్మయ్య' అనుకునే భాగ్యం లేదు. ఏం బతుకండీ అది?

మాకొక పాత సెడాన్ ఉంది. దాని వయసు పదిహేడేళ్ళు. అందులో చివరి పదకొండేళ్ళూ మా ఇంట్లోనే గడిచాయి. ఒకప్పుడు దానికొక రంగు ఉండేది. అదేమిటో ఇప్పుడు రిజిస్ట్రేషన్ కాగితం చూస్తే తప్ప చెప్పలేం. ఆ కారుకి రెండు గొప్ప గుణాలున్నాయి. లోపాలు అనకండి, గుణాలనే అంటున్నాను. ఒకటి, స్టీరింగు వదిలితే చాలు, ఎడమకి లాగేస్తుంది. రెండు, కారు ఆగితే ఇంజనూ ఆగిపోతుంది. బ్రేకు వేసి రెండు లెక్కపెట్టేలోపు ఓ చిన్న దగ్గు, ఓ వణుకు, ఆ తర్వాత నిశ్శబ్దం.

ముందు స్టీరింగు సంగతి చూద్దాం. మీరంతా వేలకువేలు పోసి జిమ్‌లో చేరి, ఇనుప కడ్డీలెత్తి, నెల తిరక్కుండానే మానేసి వచ్చారు కదా? నేను రోజూ ఆఫీసుకి వెళ్తూ వస్తూ కుడిచేత్తో స్టీరింగుని కుడివైపుకి అదిమి పట్టుకుంటాను. ఆరేళ్ళుగా ఇదే పని. మొన్న చొక్కా కొలతలు తీస్తూ మా టైలరు ఆగిపోయాడు. టేపు ఒకసారి ఈ చేతికి చుట్టాడు, ఒకసారి ఆ చేతికి చుట్టాడు.

"సార్, మీ కుడి జబ్బ ఎడమదానికంటే ముప్పావు అంగుళం లావుందండీ. టెన్నిస్ ఆడతారా?" అన్నాడు.

అప్పుడప్పుడూ ఆడతానన్నాను. చూశారా? సీట్లోంచి కదలకుండా క్రీడాకారుణ్ణయిపోయాను!

ఇక ఇంజను ఆగిపోవడం గురించి. ఈ కాలంలో మనుషులు పలకరించుకోవడం లేదనీ, పక్కింటివాడి మొహం కూడా ఎరగరనీ పెద్దలు వాపోతుంటారు. ఆ పెద్దల్ని ఒక్కసారి మా కారెక్కమనండి. మా ఇంటినుంచి ఆఫీసుకి నాలుగు సిగ్నళ్ళు. నాలుగు చోట్లా నాకు ఆప్తులున్నారు. మందుల షాపాయన దూరంనుంచే చొక్కా చేతులు మడుచుకుంటూ వస్తాడు. పేపర్లమ్మే ఆయన వెనక డిక్కీ మీద చెయ్యేసి, "ఇవాళ ఆలస్యమయిందేం సార్?" అని అడిగి మరీ తోస్తాడు. కొత్త కారు యజమాని ఎవరినైనా ఊళ్ళో ఇలా ఆప్యాయంగా తోసేవాళ్ళున్నారా, చెప్పండి!

ఒకసారి ఓ ఫంక్షన్ హాలు ముందు ఆగిపోయాం. అక్కడేదో పెళ్ళి జరుగుతోంది. గేటు దగ్గర సూటువేసుకున్న ఒకాయన పరుగున వచ్చి, డోరు తీసి, "ఇంత ఆలస్యమా, రండి రండి" అంటూ నన్నూ మా ఆవిడనీ లోపలికి తీసుకుపోయాడు. మూడో వరుసలో కూర్చోబెట్టాడు. వధూవరులతో ఫోటో కూడా తీయించాడు. ఆ దంపతులెవరో మాకు ఈనాటికీ తెలియదు. వాళ్ళ ఆల్బంలో మేము ఎవరమని చెప్పుకుంటున్నారో కూడా తెలియదు. సుఖంగా ఉన్నారనే అనుకుంటున్నాం.

ఇన్ని లాభాలుండగా దీన్ని రిపేరు చేయించడమేమిటి, తెలివితక్కువతనం కాకపోతే?

నిజానికి దీని వెనక నా వృత్తిధర్మం కూడా కొంత ఉంది. నేను నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తాను. ఇరవైరెండేళ్ళ సర్వీసు. కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఎవరైనా వస్తే, సన్నధారలో స్నానం చేయడం ఒంటికెంత మంచిదో వివరిస్తాను. అసలు రావట్లేదని వస్తే, ముందు కూర్చోబెట్టి, నెమ్మదిగా, "కుళాయి ఎటు తిప్పుతున్నారు?" అని అడుగుతాను. వచ్చినాయన తన చేతిని తనే అనుమానంగా చూసుకుంటాడు. గాలిలో ఒకసారి ఇటూ, ఒకసారి అటూ తిప్పుకుంటూ ఇంటికి వెళ్ళిపోతాడు. ఫిర్యాదు పరిష్కారమైనట్టు నేను రిజిస్టర్లో రాసుకుంటాను.

ఈ విద్యని ఇంటికి తీసుకురాకూడదని ఎవరూ నాకు చెప్పలేదు.

మా ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్. పంతొమ్మిదేళ్ళుగా ఇంటికి దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో జనం రక్తం తీసి పరీక్షిస్తోంది. ఈ ఏడాది మొదట్లో, ఊరికి ఆ చివరనున్న పెద్ద ఆసుపత్రివాళ్ళు ఆవిణ్ణి పిలిచి ల్యాబ్ మొత్తానికి సూపర్‌వైజరుగా రమ్మన్నారు. పదకొండు మంది ఆవిడ కింద పనిచేస్తారు. కొత్త యంత్రాలున్నాయి. ఆ కాగితం చేతిలో పట్టుకుని వంటింట్లో స్టవ్వు ముందు నిలబడి ఆవిడ మూడుసార్లు చదువుకోవడం నేను చూశాను. పాలు పొంగిపోయాయి కూడా.

ఒకటే చిక్కు. డ్యూటీ పొద్దున్న ఆరింటికి. మొదటి బస్సు ఆరున్నరకి. చేరడానికి నాలుగు నెలల గడువిచ్చారు.

"నేను కారు నేర్చుకుంటానండీ" అంది ఆవిడ.

"నలభైఆరేళ్ళకా?" అన్నాను.

"నలభైఆరేళ్ళకి సూపర్‌వైజర్ని కాగా లేంది, డ్రైవర్ని కాలేనా?"

డ్రైవింగ్ స్కూల్లో చేరతానంది. నేనే వద్దన్నాను. ఇంట్లో ఇంత అనుభవజ్ఞుణ్ణి పెట్టుకుని బయటివాళ్ళ దగ్గరికెందుకు? ఆదివారం ఉదయం ఖాళీగా ఉన్న మార్కెట్ యార్డులో మొదటి పాఠం మొదలైంది.

పాఠకులారా, ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. మా కారు ఆగినప్పుడు ఇంజను ఆగకుండా ఉండాలంటే ఒక కిటుకుంది. పాదం ముందుభాగంతో బ్రేకు తొక్కుతూ, అదే పాదాన్ని కాస్త వంచి మడమ అంచుతో యాక్సిలరేటర్ని తాకుతూ ఉండాలి. అప్పుడది బతుకుతుంది, అదీ నాలుగింట మూడుసార్లు. స్టీరింగుని ఎప్పుడూ ఓ గుప్పెడు కుడికి పట్టి ఉంచాలి. ఈ రెండూ తెలిసినవాడికి అది ఒక మోస్తరు కారు. తెలియనివాళ్ళకి అది కారు కాదు, పరీక్ష.

ఈ రెండూ నేను మా ఆవిడకి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటారా? చెబితే కారులో లోపముందని ఒప్పుకోవాలి. లోపముందని ఒప్పుకుంటే, పదకొండేళ్ళ కిందట కారు కొనేరోజున ఆవిడ అన్నమాట గుర్తొస్తుంది. ఆ రోజు ఇద్దరం రెండు కార్లు చూశాం. ఆవిడ వెనకదాన్ని చూపించి, "అది తీసుకుందామండీ, దీని శబ్దం నాకెందుకో నచ్చట్లేదు" అంది. ఇంజన్ల శబ్దం గురించి నీకేం తెలుసు అని నవ్వి, నేను ఇదే తీసుకున్నాను. అలాంటి మనిషి ముందు, కారు దగ్గుతోందని ఎలా ఒప్పుకోను? మీరైతే ఒప్పుకుంటారా?

అందుకని మొదటిరోజు యార్డు మధ్యలో ఇంజను ఆగిపోగానే, నా ఇరవైరెండేళ్ళ సర్వీసూ ఒక్కసారిగా ముందుకొచ్చి నిలబడింది.

"క్లచ్ ఎలా వదులుతున్నావ్?" అని అడిగాను, నెమ్మదిగా.

ఆవిడ తన ఎడమకాలివైపు చూసుకుంది.

"మెల్లగానే వదిలాననుకున్నానండీ."

"అనుకోవడం వేరు, వదలడం వేరు."

అంతే! అయిపోయింది. అక్కణ్ణుంచి నాలుగు నెలలపాటు తప్పంతా క్లచ్‌దే. క్లచ్ కాని రోజున చూపుదే. "నువ్వు ఎటు చూస్తే కారు అటే పోతుంది. ఎడమవైపు చూడటం మానెయ్" అన్నాను. పాపం, ఆవిడ ఎడమవైపు చూడటమే మానేసింది. నడిచేటప్పుడు కూడా. ఒకసారి కూరగాయలకి వెళ్ళి ఎడమవైపున్న స్తంభానికి గుద్దుకుని వచ్చింది.

ఆవిడ పట్టుదల మనిషి. వంటింట్లో స్టూలు మీద కూర్చుని, ఎడమకాలి కింద రెండు పుస్తకాలు పెట్టుకుని, క్లచ్ వదలడం సాధన చేసేది. మా అమ్మాయి కాలేజీనుంచి వచ్చేసరికి వాళ్ళమ్మ కళ్ళు మూసుకుని ఎడమకాలు అంగుళం అంగుళం పైకి లేపుతూ ఉండేది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఉండవే, మూడో అంగుళం దగ్గరున్నా."

నేనేం చేశాను? ఈ పత్రికలో నేను రాసే ఈ శీర్షికలోనే దాన్ని రెండుసార్లు హాస్యంగా రాశాను. 'ఇల్లాలి ఎడమకాలు' అని ఒకటి, 'మా ఆవిడ చూపు పడితే' అని ఇంకొకటి. మీరు నవ్వారు. ఉత్తరాలు కూడా రాశారు. ఆ ఉత్తరాల్ని నేను ఆవిడకి చదివి వినిపించాను!

ఆవిడా నవ్వింది. ఆ తర్వాత పదిరోజులపాటు కారు తాళం ముట్టుకోలేదు.

టెస్టు ఇంక వారం ఉందనగా ఒక సాయంత్రం ఆవిడ నా టేబులు దగ్గరికి వచ్చి ఒక కాగితం పెట్టింది. పెద్ద ఆసుపత్రికి రాసిన ఉత్తరం. 'వ్యక్తిగత కారణాల వల్ల ఈ బాధ్యత స్వీకరించలేకపోతున్నాను' అని ఉంది.

"మీరు రాసేవాళ్ళు కదా, తప్పులేమైనా ఉన్నాయేమో చూడండి" అంది.

"అదేమిటి? టెస్టు ఉందిగా?"

"నాకు రాదండీ. కొందరికి రాదంతే. నాలుగు నెలలు నేర్చుకున్నా, బండిని ఒక్కసారి సరిగ్గా ఆపలేకపోయాను. రేపు రోడ్డు మీద ఎవర్నైనా గుద్దితే? చదవండి, తప్పులు చూడండి."

అప్పుడు చెప్పాల్సింది. గది నిశ్శబ్దంగా ఉంది, మా ఇద్దరం తప్ప ఎవరూ లేరు, ఒక్క వాక్యం చాలు. నోరు తెరిచాను కూడా.

'వల్ల' తర్వాత ఒక కామా పెట్టి ఇచ్చేశాను.

నా రచనా జీవితంలో అంత జాగ్రత్తగా నేను కామా ఎప్పుడూ పెట్టలేదు.

ఆ ఉత్తరం మర్నాడే పోస్టులో పడాల్సింది. మా అమ్మాయి అడ్డుపడింది. "ఎలాగూ స్లాట్ తీసుకున్నావు కదమ్మా! టెస్టు పోతే ఆ సాయంత్రమే పోస్ట్ చెయ్. ఇప్పట్నుంచే తొందరేంటి?" అని ఉత్తరాన్ని మడిచి వాళ్ళమ్మ హ్యాండ్‌బ్యాగులో పెట్టింది. ఆ తర్వాత వరండాలోకి వచ్చి నాతో అంది, "నాన్నా, నువ్వు నడుపుతున్నప్పుడు కూడా ఆగుతుంది కదా కారు?"

"నాది వేరమ్మా. నేను ఏదో ఆలోచిస్తూ నడుపుతాను" అన్నాను.

మా అమ్మాయి నన్ను చాలాసేపు చూసింది. వాళ్ళమ్మ పరీక్షనాళికలో రక్తాన్ని చూసే పద్ధతి అది.

టెస్టు రోజు రానే వచ్చింది. పదకొండు కిలోమీటర్లు ఆవిడే నడిపింది. దారిలో తొమ్మిదిసార్లు ఆగాం. మా మందుల షాపాయన తోస్తూ తోస్తూనే "ఆల్ ది బెస్ట్ మేడమ్" అన్నాడు. పక్క సీట్లో నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. చూడ్డానికి బయట ఏమీ లేదు.

టెస్టు మైదానం చుట్టూ కంచె. మేం, అంటే అభ్యర్థుల బంధువర్గం, కంచె బయట నిలబడ్డాం. లైసెన్సు ఇన్‌స్పెక్టరు పొడుగ్గా, ఎండిపోయినట్టు ఉన్నాడు. చేతిలో అట్ట, దానికో క్లిప్పు, చెవిమీద పెన్ను. మా ముందు ఇద్దర్ని 'తర్వాత రండి' అనేశాడు. మొహంలో కండరం కదల్లేదు.

మా ఆవిడ వంతు వచ్చింది. ఆయన పక్కన కూర్చున్నాడు. కారు కదిలింది, తెల్లగీత దాకా వచ్చింది, ఆగింది. దగ్గు. వణుకు. నిశ్శబ్దం.

మళ్ళీ స్టార్టు చేసింది. ఎత్తు సగం ఎక్కింది, ఆగింది. నిశ్శబ్దం. మళ్ళీ స్టార్టు చేసి, వెనక్కి ఒక్క అంగుళం జారకుండా దాన్ని ఎత్తు దాటించింది. అది నాక్కూడా చేతకాదు. వరసగా నిలబెట్టిన ప్లాస్టిక్ కోన్ల మధ్యనుంచి రెండు చేతులతో స్టీరింగుని కుస్తీ పడుతూ తీసుకొచ్చింది. ఒక్క కోను తగల్లేదు. చివరి గీత దగ్గర ఆగింది. నిశ్శబ్దం.

ఇన్‌స్పెక్టరు ఏదో అన్నాడు. ఇద్దరూ దిగారు. అయిపోయిందనుకున్నాను. కానీ ఆయన అటు తిరిగి వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు!

గీత దాకా వెళ్ళి ఆపాడు. దగ్గు, వణుకు, నిశ్శబ్దం. స్టార్టు చేశాడు. కోన్ల మధ్యకి వెళ్ళాడు. ఎడమ వరుసలో మొదటి కోను పడింది. రెండోదీ పడింది. మూడోది చక్రం కింద ఇరుక్కుని కుయ్యిమంది.

ఆయన దిగాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు టైరుని బూటుతో తన్నాడు. ఆ తర్వాత కంచెవైపు తిరిగి గట్టిగా అడిగాడు:

"ఈ కారు ఎవరిదండీ?"

అందరూ నావైపు తిరిగారు. నేను కూడా వెనక్కి తిరిగి చూశాను.

నా వెనక ఎవరూ లేరు. లోపలికి వెళ్ళాను.

ఆయన నాతో మాట్లాడలేదు. మా ఆవిడతోనే మాట్లాడాడు.

"అమ్మా, ఈ బండిని ఇంటినుంచి ఎవరు తోలుకొచ్చారు?"

"నేనే సార్."

"దారిలో ఎన్నిసార్లు ఆగింది?"

"తొమ్మిదిసార్లు. నా క్లచ్ సరిగ్గా లేదు సార్. ఎంత ప్రయత్నించినా..."

"మీ క్లచ్‌కి ఏమైందమ్మా? బంగారంలా ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, నా కాలికిందే ఆగిపోయింది ఈ బండి. ఇది బ్రేకు వేస్తే చస్తోంది. స్టీరింగు ఎడమకి లాగేస్తోంది. దీంతో కోన్లు తగలకుండా ఎలా వచ్చారో నాకర్థం కావట్లేదు."

మా ఆవిడ పడిపోయిన కోన్లవైపు చూసింది.

ఆయన దూరంగా ఉన్న డ్రైవింగ్ స్కూలాయన్ని కేకేసి, వాళ్ళ కారు తెప్పించాడు. "ఇందులో ఒక రౌండు వెయ్యండి" అన్నాడు.

ఆవిడ కూర్చుంది. గీత దగ్గర ఆపింది. ఆపగానే, అలవాటుకొద్దీ, మళ్ళీ స్టార్టు చేయడానికి తాళం మీద చెయ్యి వేసింది. అక్కర్లేదు. ఇంజను నడుస్తూనే ఉంది. ఆవిడ తాళంవైపు చూసింది. ఆ తర్వాత తన ఎడమకాలివైపు చూసింది. రౌండు మొత్తం పూర్తిచేసి, డోరు తీసుకుని నాదగ్గరికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఏవండీ, ఆగలేదు! ఒక్కసారి కూడా ఆగలేదు! ఎటు తిప్పితే అటు తిరిగిందండీ!"

ఆ మొహం చూడలేక నేను కోన్లు నిలబెట్టడానికి వెళ్ళాను.

ఇన్‌స్పెక్టరు అట్టమీద సంతకం పెడుతూ అన్నాడు, "మేడమ్, మీరు పాస్. మీ బండి ఫెయిల్. బాగుచేయించేదాకా దీన్ని రోడ్డు మీద చూడకూడదు నేను."

అక్కణ్ణుంచి తాడుకట్టి మా మెకానిక్ షెడ్డుకి లాక్కొచ్చారు. ఈయన పేరేదైనా మేమందరం డాక్టరుగారనే పిలుస్తాం, ఎందుకంటే బానెట్టు ఎత్తగానే ముందు చెవి ఆనించి వింటాడు. మధ్యాహ్నం మూడింటిదాకా పని చేశాడు. ఇంజనులోకి గాలి వెళ్ళే దారిలో పేరుకున్న మసిని గుడ్డతో తుడిచి తుడిచి చూపించాడు. ముందు చక్రం దగ్గర అరిగిపోయిన భాగమొకటి మార్చాడు. చక్రాలు సరిచేయించాడు. మేమిద్దరం బల్లమీద కూర్చుని టీలు తాగాం. మా ఆవిడ ఇంకా సంతోషంలోనే ఉంది.

"అయితే డాక్టరుగారూ, ఇదెప్పుడో ఈమధ్య పాడైందంటారా?" అని అడిగింది.

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఏ పాపమూ ఎరుగని మొహంతో అన్నాడు:

"ఈమధ్య ఏంటి మేడమ్! మూడేళ్ళబట్టీ సార్‌కి చెప్తూనే ఉన్నా. పూట పని, ఇచ్చెయ్యండి సార్ అంటే, 'నాకు అలవాటైపోయిందిలే, ఉండనీ' అంటారు. మడమతో యాక్సిలరేటర్ తొక్కే కిటుకు కూడా నేనే నేర్పించా సార్‌కి. మీకు చెప్పే ఉంటారుగా?"

ఆ షెడ్డులో నాలుగు బళ్ళు రిపేరవుతున్నాయి. ఒక్కదాని చప్పుడూ నాకు వినబడలేదు.

మా ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది. హ్యాండ్‌బ్యాగు తెరిచింది. ఉత్తరం బయటికి తీసి, మడత విప్పి, ఒక చోట వేలు పెట్టి నాకు చూపించింది.

"ఈ కామా పెట్టినప్పుడు కూడా తెలుసా మీకు?"

ఇరవైరెండేళ్ళ సర్వీసులో నాకు సమాధానం దొరకని ఫిర్యాదు అదొక్కటే. సన్నధార గురించి చెప్పగలను. కుళాయి గురించి చెప్పగలను. ఆ వేలి కింద ఉన్న కామా గురించి ఏం చెప్పను?

"తెలుసు" అన్నాను.

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బావుండేది. ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి డాక్టరుగారి నూనెగుడ్డల డబ్బాలో వేసింది. తాళాలు తీసుకుని డ్రైవర్ సీట్లో కూర్చుంది. దారిలో నాలుగు సిగ్నళ్ళు వచ్చాయి. నాలుగింట్లోనూ ఇంజను నడుస్తూనే ఉంది. మందుల షాపాయన చొక్కా చేతులు మడుచుకుంటూ రెండడుగులు ముందుకొచ్చి, అవసరం లేదని తెలిసి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయాడు. కారులో ఒక్క మాట లేదు. పాత కారే నయం, కనీసం దగ్గేది.

మర్నాడు నేను నడిపాను. నడిపాననడం కంటే నడపబోయానంటే సరిపోతుంది. ఆరేళ్ళ అలవాటు! గేటు దాటగానే నా కుడిచెయ్యి తనంతట తనే స్టీరింగుని కుడికి అదిమింది. బాగుపడిన కారు బుద్ధిగా కుడికి తిరిగి, ఎదురింటివాళ్ళ పూలకుండీలు మూడింటిని కూల్చి, నాలుగోదాన్ని ఆనుకుని ఆగింది. బ్రేకు వేయబోతూ మడమతో యాక్సిలరేటర్ కూడా తొక్కాను మరి.

మా ఆవిడ వరండాలోంచి అంతా చూసింది. క్లచ్ గురించి ఒక్క మాట అనలేదు. చీపురు తెచ్చి నా చేతికిచ్చింది.

ఆ రాతలన్నీ చదివి నవ్విన ఎదురింటావిడ కూడా అక్కడే నిలబడి ఉంది. నేను మట్టి ఎత్తుతుండగా మా ఆవిడ అంది:

"నాకు ఇంట్లో సారీ చెబితే సరిపోదు. నా కాలు గురించి, నా చూపు గురించి ఊరందరికీ చెప్పారుగా? అక్కడే చెప్పండి ఇది కూడా."

ఆవిడ కొత్త ఉద్యోగంలో చేరి నెలరోజులైంది. పొద్దున్న ఐదున్నరకి కారు గేటు దాటుతుంది. నేను బస్సులో వెళ్తున్నాను. బస్సు ప్రయాణంలో ఎన్ని లాభాలున్నాయో తెలుసా? కిటికీ పక్క సీటు దొరికితే...

సరే, ఆపుతాను. ఆవిడ పక్కనే నిలబడి చదువుతోంది. పైన రాసిందంతా చదివి, "బావుంది. ఇందులో మీరు చెప్పాల్సింది ఏదీ?" అని అడిగింది.

ముందు 'కొన్ని సాంకేతిక కారణాల వల్ల' అని మొదలుపెట్టాను. కొట్టేసింది. 'నా రాతల వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే' అని రాశాను. "ఎవరి మనసైనా ఏంటి? ఎంతమందికి నేర్పారు మీరు?" అని అదీ కొట్టేసింది. చివరికి కుర్చీ లాక్కుని కూర్చుని, ల్యాబ్ రిపోర్టు రాసినట్టు, తనే రెండు వాక్యాలు చెప్పింది. నేను రాసుకున్నాను. ఒక్క కామా కూడా కలపకుండా ఇక్కడ పెడుతున్నాను.

'మా ఆవిడకి డ్రైవింగు మొదటి నెలలోనే వచ్చేసింది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.'